కారుదే, బాబూ!

ఆ ఆదివారం పొద్దున అద్దాలాయన పెట్టుకున్న పని ఒక్కటే, కారుకు ఇంజనాయిలు మార్చడం. అది పూటంతా పట్టే పని కూడా కాదు. మధ్యాహ్నానికల్లా ముగించి, తలస్నానం చేసి, సాయంత్రం భార్యను ఎక్కించుకుని ఊరి బయట ఆనకట్ట దాకా షికారు వెళ్ళాలని ఆయన ఆలోచన. ఆ రోజు వాళ్ళ పెళ్ళిరోజు. కారు కూడా పెళ్ళయిన ఏడాది కొన్నదే. అందుకని ప్రతి పెళ్ళిరోజుకూ ఆ కారులో ఆనకట్టకు వెళ్ళడం ఆనవాయితీ. తిరిగి రావడం మాత్రం కొన్నేళ్ళు ఆ కారులో జరిగింది, కొన్నేళ్ళు దారిన పోయేవాళ్ళ దయవల్ల జరిగింది.

అద్దాలాయన అసలు పేరుతో వీధిలో ఎవరికీ పని పడలేదు. ఆయనకు బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము తగిలించి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేసి, "ఇప్పుడు బాగుందా, ఇంతకుముందు బాగుందా?" అని అడగడం ఆయన వృత్తి. అడిగీ అడిగీ అది నోటికి అలవాటైపోయింది. ఇంట్లో ఫాను వేగం పెంచినా అదే ప్రశ్న, కిటికీ రెక్క మూసినా అదే ప్రశ్న. మూడో రకం జవాబు ఒకటి ఉండవచ్చని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

ఆయన భార్య హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్. వీధి మొత్తానికి ఆవిడ పెద్ద టీచరు. కిందటి నెల ఈ కారు ఆవిడను నాలుగు రోడ్ల కూడలిలో నిలబెట్టేసింది. వెనకాల హారను కొట్టిన జీపులో ఉన్నది సాక్షాత్తూ స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. అక్కడితో అయిపోతే బాగుండేది. చిరిగిపోయిన సీటులోంచి ఊడివచ్చిన స్పాంజి ముక్క ఒకటి ఆవిడ వీపుకు అంటుకుని, ప్రార్థన సమయానికి స్కూలు దాకా వెళ్ళింది. పిల్లలంతా చూశారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, అల్లరి పిల్లలను ఇంటికి పంపేసే గొంతుతో ఆవిడ తీర్పు చెప్పింది.

"ఇంకొక్కసారి ఈ బండి నన్ను రోడ్డు మీద నిలబెట్టిందంటే పాత ఇనుము వాళ్ళకి ఇచ్చేయడమే. నాకింకేం చెప్పకండి."

ఆయన లోపల కుంగిపోయాడు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, ఆ కారంటే ఆయనకు ప్రాణం. దుకాణం పెట్టిన కొత్తలో అద్దాల పెట్టెలు మోసింది అదే. కూతురు ఆస్పత్రి నుంచి పొత్తిళ్ళలో ఇంటికి వచ్చింది అందులోనే. ఎడమ పక్కకు తిప్పితే హారను దానంతట అదే మోగుతుంది. కుడివైపు తలుపు బయటినుంచి తీస్తేనే వస్తుంది. అలాంటివి ఆయన లోపాలుగా లెక్కపెట్టడు, మనిషికి పుట్టుమచ్చలుండవా అంటాడు.

ఇక్కడ ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. మనకు తెలిస్తే నష్టం లేదు. తీర్పు చెప్పిన మర్నాడే పెద్ద టీచరు మెత్తబడింది. కానీ చెప్పిన మాట వెనక్కు తీసుకోవడం హెడ్‌మిస్ట్రెస్సులకు చేతకాని పని. అందుకని గుట్టుచప్పుడు కాకుండా నీలంరంగు మందపాటి గుడ్డ కొని, కారు సీట్లకు కొత్త తొడుగులు కుట్టడం మొదలుపెట్టింది. పెళ్ళిరోజు సాయంత్రం వాటిని తొడిగి ఆయన్ను ఆశ్చర్యపరచాలని ఆవిడ కోరిక. కుట్టుమిషనును కారు షెడ్డు మీదున్న సామాన్ల గదిలోకి చేర్పించింది. కిటికీకి అట్టపెట్టెలు అడ్డం పెట్టింది. మొగుడితో మాత్రం, "పరీక్ష పేపర్లు దిద్దుకోవాలి. నేను దిగివచ్చేదాకా ఎవరూ పైకి రావద్దు," అని చెప్పింది.

ఈ రహస్యం తెలిసిన మనిషి ఆవిడ తల్లి ఒక్కతే, అంటే అద్దాలాయన అత్తగారు. "అమ్మా, నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఈ ఒక్కరోజుకి ఎలాగో నానబెట్టు," అని కూతురు ముందే గట్టిగా చెప్పింది. అత్తగారు ఆ మాటకు నొచ్చుకుని, ఇవాళ తన సత్తా ఏమిటో చూపించాలని కంకణం కట్టుకున్నారు. అల్లుడు పైకి వెళ్ళకుండా కాపలా కాయడానికి షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఒక్కటే చిక్కు. మందపాటి గుడ్డ మీద ఆ పాత మిషను టకటకా కొట్టుకుంటుంది. కింద నుంచుంటే వినిపిస్తుంది. దానికి పెద్ద టీచరు ఒక పద్ధతి పెట్టుకుంది. కింద కారు ఇంజను నడుస్తున్నంతసేపూ తను మిషను తొక్కాలి. ఇంజను ఆగితే తనూ ఆగాలి. ఇంజను పెద్దగా మోగితే గబగబా తొక్కవచ్చు, చిన్నగా మోగితే మెల్లగా తొక్కాలి. ఆవిడ ఏ పనైనా పద్ధతిగా చేస్తుంది. కొంప ముంచింది ఆ పద్ధతే.

ఆయిలు కాస్త వేడెక్కితే తేలిగ్గా కారుతుందని అద్దాలాయన కారు స్టార్టు చేశాడు. దిగి వచ్చి బానెట్టు ఎత్తి, చేతులు తుడుచుకుంటుండగా వినిపించింది. టక, టక, టకటకటక. నిన్నటిదాకా లేని చప్పుడు. ఆయన లోపలికి వెళ్ళి ఇంజను ఆపాడు. చప్పుడు ఆగింది. స్టార్టు చేశాడు. మొదలైంది. ఆక్సిలరేటరు తొక్కి ఇంజనును రేజ్ చేశాడు. చప్పుడు కూడా దానికి సమానంగా ఉరకలు వేసింది. కాలు తీశాడు. అదీ నెమ్మదించింది.

ఇంకొక్కసారి అన్న మాట ఆయన చెవుల్లో గింగిరాలు తిరిగింది. సాయంత్రం ఆనకట్ట దారిలో, అదీ పెళ్ళిరోజున, బండి ఆగిందంటే ఇక అంతే సంగతులు.

"అత్తయ్యా, మీకేమైనా చప్పుడు వినిపిస్తోందా?"

అత్తగారి పై ప్రాణాలు పైనే పోయాయి. అల్లుడు పసిగట్టేశాడు! వినిపించడం లేదంటే నమ్మడు, అంత గట్టిగా వినిపిస్తోంది.

"వినిపిస్తోంది బాబూ."

"దేనిదంటారు?"

"కారుదే, బాబూ," అన్నారు అత్తగారు, తడుముకోకుండా. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ కారు గురించి ఒక అభిప్రాయం చెప్పడం అదే మొదటిసారి. అందుకని అద్దాలాయన ఆ మాటకు చాలా విలువ ఇచ్చాడు.

ఇలాంటి సమయాల్లో ఆయనకు దిక్కు అక్క మొగుడు. డిపో బావగారని పిలుస్తారు. ఆయన బస్సు డిపో స్టోరులో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కిటికీలోంచి మెకానిక్కులకు విడిభాగాలు అందించాడు. ఏ భాగం పేరు చెప్పినా అది ఏ అరలో ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఇంజనులో ఎక్కడ ఉంటుందో మాత్రం ఆయన్నెవరూ అడగలేదు, ఆయనా ఎవరితోనూ అనలేదు.

"ఫోను ఇంజను మీద పెట్టు బావా, వింటాను," అన్నాడు డిపో బావగారు. అద్దాలాయన ఫోను పెట్టి, రేజ్ చేసి, ఆపి, మళ్ళీ రేజ్ చేశాడు.

"స్పీడుతో పాటు పెరుగుతోందా?"

"పెరుగుతోంది బావగారూ."

"ఆపితే ఆగుతోందా?"

"టక్కున ఆగుతోంది."

"అయితే ఇంజనుదే. ఇందులో ఆలోచించడానికేం లేదు. ఫాను బెల్టు విప్పి చూడు."

అద్దాలాయన ఫాను బెల్టు విప్పి స్టార్టు చేశాడు. అత్తగారి వైపు తిరిగి, దుకాణంలో అడిగినంత శాంతంగా అడిగాడు.

"ఇప్పుడు ఎక్కువగా ఉందా, ఇంతకుముందు ఎక్కువగా ఉందా?"

"రెండూ ఒకటే బాబూ."

ఎయిర్ ఫిల్టరు డబ్బా ఊడదీశాడు. "ఇప్పుడా, ఇంతకుముందా?"

"ఒకటే బాబూ. కానీ కారుదే."

బానెట్టు కింది గొళ్ళెం ఊడదీశాడు, బ్యాటరీ బిగించే పట్టీ తీశాడు, చివరికి నంబరు ప్లేటు కూడా తీసి గోడకు ఆనించాడు. చప్పుడు ఎంత ఉన్నది అంతే ఉంది. పైన పెద్ద టీచరుకు పని చురుగ్గా సాగుతోంది. ఇంజను ఇంతసేపు నడుస్తుందని ఆవిడ ఊహించలేదు. వెనక సీటు తొడుగు పూర్తయి, ముందు సీటుది మొదలుపెట్టింది. ఆయిలు మార్చడానికి ఇంత శ్రద్ధగా ఇంజను నడిపే మొగుడు ఎంతమందికి దొరుకుతాడని మనసులో మురిసిపోయింది కూడా.

"ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూడు," అన్నాడు డిపో బావగారు. "ఏది పీకితే చప్పుడు మారుతుందో జబ్బు అక్కడుంటుంది."

నడుస్తున్న ఇంజను మీద మొదటి వైరు పీకితే అద్దాలాయన మోచేతి దాకా జివ్వుమని కొట్టింది. ఆ తరవాత బుద్ధిగా ఇంజను ఆపి, వైరు పీకి, మళ్ళీ స్టార్టు చేయడం మొదలుపెట్టాడు. ఒక వైరు లేని ఇంజను కుంటుకుంటూ నడిచింది. కింద ఇంజను ఆగుతోందా నడుస్తోందా తెలియక పైన పెద్ద టీచరు కూడా ఒక అడుగు తొక్కి, ఆగి, ఒక అడుగు తొక్కి ఆగింది. టక్. టకటక్. టక్.

"మారింది! అత్తయ్యా, మారింది కదూ?"

"మారింది బాబూ," అన్నారు అత్తగారు దిగులుగా.

"బావగారూ, మారింది!"

"నేను చెప్పలా? ఇంకో వైరు పీకు."

ఇంకోటి పీకాడు. మళ్ళీ మారింది. ఏది పీకినా మారింది. అంటే జబ్బు అన్నింట్లోనూ ఉందన్నమాట. ఆ కంగారులో నాలుగు వైర్లూ ఊడివచ్చాయి. మళ్ళీ తగిలించేటప్పుడు ఏది ఎక్కడిదో అద్దాలాయనకు గుర్తులేదు. వైర్లన్నీ నల్లగా ఒకే తీరున ఉన్నాయి. తోచినట్టు తగిలించి తాళం తిప్పాడు. ఇంజను కుయ్యికుయ్యిమంది గానీ అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు. కుయ్యికుయ్యి. ఉక్రోషంతో తాళం బయటికి లాగేశాడు.

కుయ్యికుయ్యి విని, ఇంజను లేచిందనుకుని, పైన పెద్ద టీచరు గబగబా మిషను తొక్కింది.

ఆపేసిన కారులోంచి టకటకటకమని చప్పుడు వచ్చింది. అద్దాలాయన చేతిలోని తాళం వైపు చూశాడు. కారు వైపు చూశాడు. అత్తగారి వైపు చూశాడు. అత్తగారు గోడవైపు చూస్తూ గట్టిగా అన్నారు.

"కారుదే, బాబూ."

కాసేపటికి చప్పుడు ఆగింది. ఆయన ఫోను ఎత్తాడు.

"బావగారూ, తాళం తీసేశాక కూడా కొట్టుకుంటోంది."

డిపో బావగారి జీవితంలో ఏ అరలోనూ ఇలాంటి భాగం లేదు. అయినా తెలియదనే మాట ఆయన నోటివెంట రాదు.

"తాళం తీశాక కూడానా?" అన్నాడు గొంతు తగ్గించి. "అయితే లోపల బేరింగులు పోయాయి. చెయ్యి దాటిపోయింది బావా. ఆ బండిలో చెల్లెమ్మని ఎక్కించుకుని వెళ్ళావంటే రోడ్డు మధ్యలో బిగుసుకుపోతుంది. నా మాట విని వదిలించుకో."

అద్దాలాయన కారు పక్కన నేలమీద చతికిలబడ్డాడు. ఆయనకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరెన్ని అన్నా కారు తరఫున తనే సమాధానం చెప్పాడు. ఇవాళ చెప్పడానికి ఏమీ లేదు. పైకి వెళ్ళి భార్యతో చెబుదామంటే పేపర్లు దిద్దుకుంటోంది. చెప్పినా ఆవిడ అనబోయేది ఆయనకు ముందే తెలుసు. రోడ్డు మీద పరువు పోయి వదిలించుకోవడం కంటే ఇంటి దగ్గరే గౌరవంగా సాగనంపడం మేలనిపించింది. పాత ఇనుము కొనే అతనికి ఫోను చేశాడు. అతను మినీ లారీ వేసుకుని ఇప్పుడే వస్తానన్నాడు.

అత్తగారికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. రహస్యం కాపాడబోతే కారే పోయేట్టుంది.

"అంత తొందరేం బాబూ? రేపు చూద్దాం."

"మీరే కదా అత్తయ్యా, కారుదేనన్నారు."

కూతురికి చెప్పేద్దామని అత్తగారు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కారు. సరిగ్గా అప్పుడే లారీ వచ్చి గేటు ముందు ఆగింది. ఆపితే మళ్ళీ స్టార్టవడం కష్టమని ఇనుమతను ఇంజను ఆపకుండానే దిగాడు. ఆ మోతలో పైన మిషను మహా జోరుగా సాగుతోంది. అత్తగారు తలుపు దబదబా బాదారు. మొగుడే వచ్చాడనుకుని పెద్ద టీచరు తొడుగులు బల్ల కిందికి తోసి, "పేపర్లు దిద్దుతున్నానని చెప్పానా! వెళ్ళండి!" అని కేక పెట్టింది. ఆ కేకకు బడిలో ఎంతమంది పరుగెత్తారో లెక్కలేదు. కన్నతల్లి కూడా పరుగెత్తింది.

కిందికి దిగిన అత్తగారు ఇక చేసేదేమీ లేక, తిన్నగా వెళ్ళి కారు ముందు సీటులో కూర్చున్నారు.

"అత్తయ్యా, దిగండి. బండి తీసుకెళ్ళాలి."

"ఇక్కడ గాలి బాగుంది బాబూ. కాసేపు కూర్చుంటాను."

ఇనుమతను లారీ నుంచి కారు ముక్కుకు తాడు కడుతున్నాడు. అద్దాలాయన జేబులోంచి కళ్ళజోళ్ళు తుడిచే మెత్తటి గుడ్డ తీసి, ముందు అద్దాన్ని చివరిసారిగా తుడుస్తున్నాడు. అప్పుడాయన చెయ్యి ఆగిపోయింది. తల తిప్పి లారీ వైపు చెవి పెట్టాడు.

"మీ బండిక్కూడా ఉందండీ."

"ఏముంది?"

"అదే చప్పుడు. వినండి."

ఇనుమతను విన్నాడు. టకటకటక. పరుగున వెళ్ళి ఇంజను ఆపాడు. చప్పుడు ఆగింది. నానా తంటాలు పడి స్టార్టు చేశాడు. మొదలైంది. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పొద్దున లేదండీ ఇది! ఎన్నో చచ్చిన బళ్ళు మోశాను. ఎప్పుడూ ఏదీ అంటుకోలేదు."

అద్దాలాయన ఫోనులో డిపో బావగారికి ఈ సంగతి కూడా విన్నవించాడు.

"ఇద్దరూ ఒకే బంకులో పెట్రోలు కొట్టించారా?" అని అడిగాడు డిపో బావగారు.

"ఆయనది డీజిలు బావగారూ."

"అయితే మరీ ప్రమాదం."

ఇనుమతను లారీ ఆపేసి, బానెట్టు ఎత్తి, తన ఫాను బెల్టు విప్పడం మొదలుపెట్టాడు. అద్దాలాయన పానాలు అందిస్తూ, "ఇంతకుముందు ఎక్కువగా ఉందా, ఇప్పుడు ఎక్కువగా ఉందా?" అని అడుగుతున్నాడు. లారీ వీధికి అడ్డంగా నిలిచిపోయింది. ఎదురింటి ప్లీడరుగారు క్లబ్బులో చదరంగం పోటీకని ఇస్త్రీ బట్టల్లో బయలుదేరి, తన కారు స్టార్టు చేశాడు. లారీ పక్కనుంచి సందు దొరుకుతుందేమోనని ముందుకూ వెనక్కూ చూస్తుండగా, ఇద్దరు మనుషులు తన కారు మీదికి చెవులు వంచి నిలబడడం గమనించాడు.

"ఏంటండీ?"

"మీక్కూడా వచ్చేసింది ప్లీడరుగారూ," అన్నాడు అద్దాలాయన జాలిగా.

ప్లీడరుగారు ఆపి చూశాడు, స్టార్టు చేసి చూశాడు. సందేహం లేదు. ఆయన ఇంజను ఆపి దిగి, కోర్టులోలాగా చేతులు వెనక్కు కట్టుకుని, జరిగిందంతా చెప్పించుకున్నాడు. తరవాత కారులో కూర్చున్న అత్తగారి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నారు. చప్పుడు విన్నారు. అవునా, కాదా?"

"విన్నాను బాబూ."

"అది దేనిది?"

"కారుదే, బాబూ."

"ఏ కారుది?"

అత్తగారు మూడు బళ్ళనూ మార్చి మార్చి చూశారు.

"అన్నిటిదీను."

"మూడు ఇంజన్లకీ ఒకే పూట, ఒకే జబ్బు వచ్చిందంటారా?"

"కాలం బాగాలేదు బాబూ," అన్నారు అత్తగారు.

ఆ సమయానికి వీధిలో ఇంజనన్నది ఒక్కటీ నడవడం లేదు. పైన పెద్ద టీచరుకు చివరి తొడుగు అంచు మాత్రం మిగిలింది. పాదం మిషను మీద పెట్టుకుని ఆవిడ ఎదురుచూసింది. ఇంకా చూసింది. సాయంత్రం దగ్గరపడుతోంది. చివరికి ఓపిక చచ్చి, అట్టపెట్టెను రవంత జరిపి, మొహం బయటికి కనిపించకుండా కేకేసింది.

"ఏమండీ! ఆ ఇంజను కాసేపు ఆపకుండా నడపండి! చప్పుడు లేకపోతే నాకు పేపర్లు దిద్దడం కుదరడం లేదు!"

కింద ప్లీడరుగారు ఒక్కో మాటనూ నెమరు వేసుకుంటున్నట్టు తల ఊపి, వెళ్ళి తన కారు స్టార్టు చేశాడు. టకటకటక. చప్పున ఆపేశాడు. టక్. ఇంజను ఆగిన తరవాత ఒక్క టక్కు మిగిలిపోయి, పైనుంచి కిందికి వచ్చింది.

అందరి తలలూ సామాన్ల గది వైపు లేచాయి. అద్దాలాయన తల అన్నిటికంటే ఆఖర్న లేచింది.

"నేను చెప్పలేదు," అన్నారు అత్తగారు గబగబా. "మీరంతా సాక్ష్యం. నేనొక్క ముక్క చెప్పలేదు."

ఇక దాచి లాభం లేదని కాబోలు, పైన మిషను ఏ ఇంజను అండా లేకుండా కాసేపు హాయిగా మోగి ఆగింది. చంకలో నీలం తొడుగుల కట్టతో పెద్ద టీచరు మెట్లు దిగి వచ్చింది. నోళ్ళు తెరుచుకున్న బానెట్లు చూసింది, గోడకు ఆనించిన నంబరు ప్లేటు చూసింది, ముందు సీటులో కూర్చున్న తల్లిని చూసింది. కారు ముక్కుకు కట్టిన తాడు దగ్గర ఆవిడ చూపు ఆగింది.

"ఏంటిది?"

"కారు ఇచ్చేస్తున్నాను," అన్నాడు అద్దాలాయన.

"ఎవర్నడిగి?"

"నువ్వే కదా అన్నావు..."

"నన్ను ఇంకొక్కసారి రోడ్డు మీద నిలబెడితే అన్నాను. నిలబెట్టిందా?"

"లేదు."

"మరి?"

ఆవిడ కట్ట విప్పి, ఒక తొడుగు తీసి, చిరిగిన సీటు మీద పరచి చూసింది. నీలంరంగు, అంచుకు తెల్లటి పైపింగు. సీటు కొలతకు సరిగ్గా సరిపోయింది.

"ఈ కారుని అమ్మేసేదాన్నయితే ఇవన్నీ ఎవరికోసం కుట్టినట్టు?" అంది ఆవిడ. గొంతు మాత్రం హెడ్‌మిస్ట్రెస్‌దే, కళ్ళు కాదు. "నడుం పడిపోయింది నాకు."

అద్దాలాయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. వీధిలోవాళ్ళు చూస్తున్నారని కూడా ఆయన దాచుకోలేదు. ఇందాక ముందు అద్దం తుడిచిన గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడు. మొహం మీద నల్లగా చార పడింది. ఇనుమతను తాడు విప్పి, బెల్టు బిగించుకుని, వెనక్కు తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. ప్లీడరుగారికి క్లబ్బు పోటీ అయిపోయింది. ఆయన మెట్ల మీద కూర్చుని, తన వృత్తిలో అత్తగారంత గట్టి సాక్షిని చూడలేదని మెచ్చుకున్నాడు.

విప్పినవన్నీ బిగించడానికి సాయంత్రమైంది. వైర్ల దగ్గర మాత్రం అద్దాలాయన తన దుకాణం పద్ధతినే నమ్ముకున్నాడు. ఒకటి మార్చి తాళం తిప్పడం, ఇంకోటి మార్చి తిప్పడం. ఇదా, ఇంతకుముందుదా? కారు తుమ్మింది, దగ్గింది, పొగ కక్కింది, చివరికి లేచి నిలకడగా నడిచింది. ఫోనులో వింటున్న డిపో బావగారు, తను పొద్దున్నే బేరింగులు కావని అనుమానపడ్డట్టు చెప్పాడు.

కొత్త తొడుగుల మీద ముందు భార్యాభర్తలూ, వెనక అత్తగారూ కూర్చుని ఆనకట్టకు బయలుదేరారు. ఈ రోజు పడ్డ శ్రమకు ఆవిడనూ తీసుకువెళ్ళకపోతే న్యాయం కాదని పెద్ద టీచరు తీర్పు. వీధి చివర కారు ఎడమ పక్కకు తిరిగింది, హారను దానంతట అదే మోగింది. సందు దాటి పెద్ద రోడ్డెక్కి కాస్త వేగం అందుకున్నారో లేదో, ముందువైపు నుంచి టక్కుమంది. తరవాత టకటకమంది.

అద్దాలాయన మొహం పాలిపోయింది. భార్య వైపు చూశాడు. ఆవిడ పాదాలు రెండూ కదలకుండా ఉన్నాయి. ఆయన చెయ్యి తాళం మీదికి పోయింది.

పెద్ద టీచరు ఆ చేతిని పట్టుకుని ఆపింది. "ఆపారంటే ఊరుకోను. ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా వెళ్దాం. ఆగితే దిగి తోస్తాను. పోనివ్వండి."

ఆయన పోనిచ్చాడు. వెనక సీటులో అత్తగారు కాసేపు శ్రద్ధగా విని, రోజంతా మోసిన బరువు దించుకున్నంత తేలిగ్గా అన్నారు.

"ఇది మటుకు నిజంగా కారుదే, బాబూ."